మంచు సీజన్‌కు ముందు స్నోబోర్డ్ బైండింగ్‌ల మరమ్మతు, సర్దుబాటు: పాలమూరు, నల్లగొండ ఇళ్లలో బోర్డు దాచుకునేవారికి సమగ్ర మార్గదర్శి

కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్నోబోర్డు మీద జారడానికి సరిపడా మంచు ఉండేది సుమారుగా డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా. మహబూబ్‌నగర్‌లోనో, నల్లగొండలోనో, దేవరకొండలోనో సొంత బోర్డు దాచుకున్నవారు మాత్రం దసరా దాటగానే పని మొదలుపెట్టాలి. బూటును బోర్డుకు పట్టి ఉంచే బైండింగ్ విడిభాగాలు ఇక్కడి బజారులో దొరకవు. స్ట్రాపు పట్టీ విరిగిందని డిసెంబరు 20న తెలిస్తే ఆ ఏడు అద్దె బోర్డే గతి. అదే అక్టోబరులో తెలిస్తే సరైన భాగం తెప్పించుకుని, బిగించి, సరిచూసుకునేంత వ్యవధి ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మంచు దేశాల వాళ్లు రాసే సూచనలు బైండింగ్ వేసవంతా చల్లని గదిలో ఉంటుందన్న లెక్కతో సాగుతాయి. మన దగ్గర అది ఏప్రిల్, మే నెలల్లో అటక మీద మగ్గుతుంది. బయట 42 డిగ్రీలుంటే రేకుల కప్పు కింద వేడి ఇంకా ఎక్కువ. ఆ తర్వాత వానాకాలం తేమ, ఏడాది పొడుగునా ఎర్రమట్టి దుమ్ము, వీటికి తోడు ఎలుకలు. అందుకే ఈ మార్గదర్శిలో సగం పని సర్దుబాటు గురించి కాదు, ఎండాకాలం చేసిన నష్టాన్ని వెతికి పట్టుకోవడం గురించి.

ముందుగా భాగాల పేర్లు

బూటు కింద ఉండే గట్టి పలక బేస్‌ప్లేట్. దాని నడుమ గుండ్రటి రంధ్రంలో కూర్చునేది డిస్క్. నాలుగు స్క్రూలు దీని గుండానే బోర్డులోకి దిగుతాయి. బోర్డులో ఆ స్క్రూలను పట్టుకునే ఉక్కు మరలు ఇన్సర్టులు. మడమ చుట్టూ వంగి ఉండేది హీల్ కప్, పిక్కకు ఆనుకుని నిలబడేది హైబ్యాక్. చీలమండ మీది పట్టీ యాంకిల్ స్ట్రాప్, కాలి వేళ్ల మీది పట్టీ టో స్ట్రాప్. పళ్లున్న సన్నని ప్లాస్టిక్ పట్టీని లాడర్ అంటారు, దాన్ని టిక్ టిక్‌మని లాగి బిగించే మీటను రాచెట్ అంటారు. పాదం కింది మెత్తని పొర ఫుట్‌బెడ్.

కావలసిన సామాను

అసలైన పనిముట్టు ఒక్కటే: మూడో నంబర్ స్టార్ స్క్రూడ్రైవర్, పిడి లావుగా ఉన్నది. మన ఇళ్లలో ఉండేది సాధారణంగా రెండో నంబర్. అది బైండింగ్ స్క్రూ తలలో కూర్చున్నట్టే ఉంటుంది కానీ వదులుగా ఉంటుంది. గట్టిగా తిప్పగానే జారి తలను గుండ్రంగా కొరికేస్తుంది. స్క్రూ తలలు చెడడానికి మొదటి కారణం ఇదే. మూడో నంబర్‌ది హార్డ్‌వేర్ షాపులో అడిగితే తీసిస్తారు.

మిగతావి: స్ట్రాపుల దగ్గరి నట్లకు చిన్న పానా ఒకటి, మెత్తని పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే ద్రవ సబ్బు, మూలమట్టం, టేపు, మార్కర్, టార్చిలైటు, డ్రై రకం సిలికాన్ స్ప్రే. బోర్డు కింద పరవడానికి పాత బొంత తప్పనిసరి. షాబాదు బండల మీద బోర్డు పెట్టి పని చేస్తే ఇసుక రేణువులు బోర్డు అడుగును గీరేస్తాయి.

బ్యాటరీ డ్రిల్లు మాత్రం పెట్టెలోంచి తీయకండి. దానితో ఇన్సర్టు మర అరగడానికి ఒక్క సెకను చాలు.

విప్పి కడగడం

విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. డిస్క్ మీద కోణం గీత ఎక్కడుంది, స్క్రూలు ఏ రంధ్రాల్లో ఉన్నాయి, ప్రతి స్ట్రాపు ఏ రంధ్రానికి బిగించి ఉంది, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయి, ఇవన్నీ కనపడాలి. ఎడమ, కుడి బైండింగ్‌లకు వేర్వేరు డబ్బాలు పెట్టుకోండి.

స్క్రూను విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ మీద మీ ఒంటి బరువు ఆన్చి, మెల్లగా తిప్పండి. కదలకపోతే పంతానికి పోవద్దు. ద్విచక్ర వాహనాల మెకానిక్ అన్న దగ్గర సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటుంది. దానికి మూడో నంబర్ బిట్ పెట్టించి, బోర్డు కింద ఆ చోట చెక్క ఆసరా ఉంచి, తేలికైన దెబ్బలతో విప్పించుకోవచ్చు. గట్టిగా కొడితే బోర్డు లోపలి చెక్క నలుగుతుంది కనుక పక్కన నిలబడి చేయించుకోండి.

బైండింగ్ మొత్తాన్ని గోరువెచ్చని సబ్బు నీళ్లలో పది, పదిహేను నిమిషాలు నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. రాచెట్ మీట లోపల, హైబ్యాక్ కీలు దగ్గర, డిస్క్ అంచు పళ్ల మధ్య మట్టి ఎక్కువగా చేరుతుంది. నల్లగొండ వైపు బోరు నీళ్లు చాలా చోట్ల గట్టి నీళ్లు. ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. అది రాచెట్ స్ప్రింగులో పేరుకుంటే మీట సరిగా తిరిగి రాదు. చివరి కడుగుకు ఫిల్టరు నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి.

పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ దగ్గరికి రానీయకండి. కొన్ని ప్లాస్టిక్‌లు వాటికి కంటికి కనపడకుండా బీటలిచ్చి, తర్వాత బరువు పడ్డప్పుడు పగులుతాయి. ఆరబెట్టేది నీడలోనే, ఫ్యాను కింద. పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి ఇవ్వండి.

ఎండాకాలం చేసిన నష్టం

బైండింగ్‌లో కనీసం మూడు, నాలుగు రకాల ప్లాస్టిక్‌లుంటాయి. ప్రతిదీ ఒక్కో రకంగా పాడవుతుంది. కనుక ఎక్కడ ఏం వెతకాలో తెలిసి వెతకాలి.

బేస్‌ప్లేట్, హీల్ కప్, హైబ్యాక్ ఎక్కువగా గాజు పోగు కలిపిన నైలాన్‌తో చేస్తారు. నైలాన్‌కు గాలిలోని తేమను కొంత పీల్చుకునే గుణం ఉంది, ఆ తేమే దానికి సాగే గుణం ఇస్తుంది. నెలల తరబడి పొడి వేడిలో ఎండితే పెళుసుబారుతుంది. కిటికీ పక్క ఎండ తగిలే చోట ఉంచితే అతినీల కిరణాలు పై పొరను కూడా తినేస్తాయి. రంగు వెలిసి, వేలితో రాస్తే పొడి అంటుతుంది. టార్చిలైటును పక్క నుంచి వాలుగా వేసి, హైబ్యాక్ కీలు బోల్టుల చుట్టూ, హీల్ కప్ బేస్‌ప్లేట్‌కు కలిసే మూలల్లో, డిస్క్ గూడు అంచున చూడండి. వెంట్రుకంత గీత కనిపిస్తే దాని మీద గోరు నడపండి. గోరు తట్టుకుంటే పగులు, తట్టుకోకపోతే గీతే. ప్లాస్టిక్ వంగిన చోట తెల్లగా పాలిపోయి ఉంటే అక్కడ ఇప్పటికే మితిమీరిన బరువు పడిందని అర్థం.

బేస్‌ప్లేట్‌లోనో, డిస్క్‌లోనో పగులుంటే ఆ బైండింగ్ పని అయిపోయింది. ఎపాక్సీతో అతికించి కొండెక్కాలనుకోవద్దు. వంద కిలోమీటర్ల దూరం వెళ్లి దొరికే బంకతో అతికించినా మైనస్ పది డిగ్రీల్లో మీ బరువంతా ఒక అంచు మీద పడినప్పుడు అది ఊడుతుంది. ఒక కాలు ఊడి, రెండో కాలు బోర్డుకు బిగిసి ఉండి దొర్లితే మోకాలి లిగమెంట్లకు ఏమవుతుందో ఊహించుకోండి.

లాడర్ పట్టీల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ముందు పోయేవి ఇవే, అన్నిటికంటే చవకైనవీ ఇవే. రెండు కొనల దగ్గర పట్టుకుని మెల్లగా అర్ధచంద్రాకారంలో వంచండి. బిగించే స్క్రూ రంధ్రం దగ్గర అడ్డంగా తెల్ల గీత వచ్చిందంటే అది ఈ సీజన్ దాటదు. తర్వాత పళ్లు చూడండి. కొత్త పన్ను అంచు నిటారుగా, పదునుగా ఉంటుంది. అరిగినది వాలుగా, గుండ్రంగా ఉంటుంది. మీరు ఎప్పుడూ బిగించే నాలుగైదు పళ్లే అరుగుతాయి, మిగతావి కొత్తగానే కనిపిస్తాయి. పైపైన చూసి బాగుందనుకోవడానికి ఇదే కారణం.

రాచెట్‌లో లాడర్ దూర్చి, ఇరవై సార్లు బిగించి వదలండి. ప్రతి టిక్కు ఒకే శబ్దంతో రావాలి. మధ్యలో జారితే లాడర్ పళ్లో, రాచెట్ పన్నో అరిగింది. లాడర్‌ను కొత్త భాగం వైపు జరిపి మళ్లీ చూస్తే దోషం ఎవరిదో తేలిపోతుంది. వదిలే మీట బిగుసుకుంటే మట్టి ఇంకా ఉంది, మళ్లీ కడగండి. ఆరాక సిలికాన్ స్ప్రే ఒక్క చుక్కంత చాలు. గ్రీజు, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే వాడకండి. తడి నూనె దుమ్మును పట్టి, ఇసుక కాగితంలా పళ్లను అరగదీస్తుంది.

ఫుట్‌బెడ్‌లు, బేస్‌ప్లేట్ మీది మెత్తలు ఎక్కువగా ఈవీఏ ఫోము. వేడికి ఈవీఏ కుంచించుకుపోతుంది. అంచులు పైకి లేచి, పొడవు కొన్ని మిల్లీమీటర్లు తగ్గి కనిపిస్తే అదే జరిగింది. కొద్దిగా లేస్తే రెండు వైపులా అంటుకునే పలుచని టేపుతో పట్టించవచ్చు. చెప్పులు బాగుచేసేవారు వాడే పసుపు గమ్ము బలంగా పట్టుకుంటుంది కానీ అందులోని ద్రావకం పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ పలకలను బీటలు వారుస్తుంది. అలాంటి పలక ఉన్న బైండింగ్‌కు టేపే మేలు.

స్ట్రాపు మెత్తలు చేతికి జిగురుగా అంటుతుంటే అది మట్టి కాదు, పాలీయురేథేన్ తేమకూ వేడికీ కలిసి కరిగిపోతున్న గుర్తు. దీనికి వైద్యం లేదు. కొత్త స్ట్రాపు కొనాల్సిందే.

ఎలుకల సంగతి. గింజల బస్తాలున్న గదిలో బోర్డు పెడితే స్ట్రాపు మెత్తల అంచులు, బూట్ల లేసులు కొరికేస్తాయి. మెత్త ఒక మూల పోతే బిగింపు సమంగా పడదు, కాలు ఒక చోట నొప్పెడుతుంది. రాచెట్ లోపల, హైబ్యాక్ వెనక బల్లి గుడ్లు కూడా చూసి తీసేయండి.

స్క్రూలు: ఇక్కడ తొందర పనికిరాదు

డిస్క్ స్క్రూలు ఎం6 సైజువి, సాధారణంగా 16 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని డిస్కులకు ఇంకాస్త పొట్టివో, పొడుగువో వస్తాయి. ఎం6 మర ఒక్కో చుట్టుకు ఒక మిల్లీమీటరు లోపలికి దిగుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలా తప్పులు ముందే దొరుకుతాయి. స్క్రూ మర పట్టుకున్నప్పటి నుంచి తల డిస్క్ మీద కూర్చునే దాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అయిదారు చుట్లయినా పట్టాలి. మూడు చుట్లకే కూర్చుంటే స్క్రూ పొట్టిది. ఆ కొన్ని మరల మీదే బరువంతా పడి ఇన్సర్టును పీకేస్తుంది. స్క్రూ ఆగిపోయింది కానీ డిస్క్ ఇంకా కదులుతోందంటే స్క్రూ పొడుగుది, ఇన్సర్టు అడుగును తాకింది. అక్కడ ఇంకా బలం పెడితే బోర్డు అడుగున చిన్న బుడిపె లేస్తుంది.

మహబూబ్‌నగర్ హార్డ్‌వేర్ షాపులో ఎం6 × 16 స్టెయిన్‌లెస్ స్క్రూలు దొరుకుతాయి. మర సరిగ్గా సరిపోతుంది, తలతోనే చిక్కు. బైండింగ్ డిస్క్ గూడుకు సరిపోయే తల వెడల్పు, వాలు ప్రత్యేకం. బజారు స్క్రూల కోసు తల ప్లాస్టిక్ గూడులో చీలమేకులా దిగి డిస్క్‌ను చీలుస్తుంది. చిన్న తలదైతే గూడులోంచి దూరి వచ్చేస్తుంది. పాత స్క్రూను పక్కన పెట్టి తల వెడల్పు, మందం, అడుగు వాలు మూడూ కలిసినప్పుడే కొనండి. కలవకపోతే బైండింగ్ కంపెనీ స్క్రూలే తెప్పించండి, ఎనిమిదింటికి నాలుగు ఎక్కువగా.

కొత్త స్క్రూల మరకు సాధారణంగా నీలం రంగు పూత ఉంటుంది. అది అదురుకు వదులవకుండా పట్టి ఉంచుతుంది. పలుమార్లు విప్పి బిగిస్తే అరిగిపోతుంది. దాని బదులు సీసాలో వచ్చే ద్రవ లాకింగ్ గమ్ము పోయడం మెకానిక్‌ల అలవాటు. ఇనుము మీద అది మంచిదే. పాలీకార్బొనేట్, ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌లకు తగిలితే పగుళ్లు తెస్తుంది. మీ డిస్క్ ఏ ప్లాస్టికో తెలియనప్పుడు దాన్ని దూరం పెట్టండి. ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు మరకు ఒకటిన్నర చుట్టు చుడితే ప్లాస్టిక్‌కు హాని లేకుండా కొంత పట్టు వస్తుంది. దాని మీద భారం వేసి రోజూ సరిచూడడం మానొద్దు.

బిగించే ముందు బోర్డు పై తలాన్ని, బేస్‌ప్లేట్ అడుగును తడి గుడ్డతో తుడవండి. మధ్యలో ఇసుక రేణువు ఇరుక్కుంటే డిస్క్ సమంగా కూర్చోదు. డిస్క్ పళ్లు బేస్‌ప్లేట్ పళ్లలో పూర్తిగా దిగాయో లేదో వేలితో తడిమి చూశాకే స్క్రూలు పెట్టండి. నాలుగింటినీ మొదట వేళ్లతోనే దించండి. వేలికి దిగనిది వంకరగా పట్టింది. వెనక్కి తిప్పి, మర టక్కుమని పడ్డ చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత కారు చక్రం నట్లలాగా ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించండి. లావు పిడి స్క్రూడ్రైవర్‌ను మణికట్టు బలంతో తిప్పగలిగినంత చాలు. రెండు చేతులూ, భుజమూ వాడాల్సి వస్తే మితిమీరారు.

ఇన్సర్టు మర కాస్త చెడితే ఎం6 ట్యాప్‌ను (మర కోసే పనిముట్టును) చేత్తో నెమ్మదిగా నడిపి శుభ్రం చేయవచ్చు. లేత్ పని చేసేవారి దగ్గర ట్యాప్ ఉంటుంది. ఇన్సర్టే గిర్రున తిరుగుతోంటే అది ఇక్కడ బాగయ్యే పని కాదు.

రంధ్రాలు లేకుండా పొడవు గాడి మాత్రమే ఉన్న బోర్డులూ ఉన్నాయి. వాటిలో స్క్రూలు గాడిలో జరిగే నట్లలోకి దిగుతాయి. గాడిలో మట్టి లేకుండా ఊది, నట్లు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూసి బిగించండి. ఈ బోర్డులకు డిస్క్ వేరుగా ఉంటుంది, పాతది పెట్టి లాగించాలని చూడొద్దు.

నిలబడే తీరు

ఇక్కడ వరుస ముఖ్యం: వెడల్పు, తర్వాత కోణం, ఆ తర్వాత బూటును మధ్యకు తేవడం. కోణం మారితే బూటు అంచుల మీదికి వచ్చే తీరు మారుతుంది కనుక, ముందే మధ్యకు తెచ్చి తర్వాత కోణం మారిస్తే చేసిన పని వృథా.

వెడల్పు అంటే రెండు డిస్కుల నడిమి బిందువుల మధ్య దూరం. బోర్డు మీద కంపెనీ గుర్తు పెట్టిన చోటు నుంచే మొదలుపెట్టండి. మధ్యస్థ ఎత్తువారికి అది 50 నుంచి 56 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. రెండు కాళ్లు భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువగా, మోకాళ్లు వంచితే పాదాల మీదికి వచ్చేలా ఉండాలి. రెండు వరుసల రంధ్రాల బోర్డుల్లో ఒక రకంలో రంధ్రాల దూరం 4 సెంటీమీటర్లు, ఇంకో రకంలో 2 సెంటీమీటర్లు. రెండో రకంలో సన్నగా సర్దుకోవచ్చు. గుల్మార్గ్‌లో గండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి అఫర్వట్ కొండ వైపు, 3,900 మీటర్లు దాటిన ఎత్తున కొత్త మెత్తటి మంచులో దిగాలనుకునేవారు రెండు బైండింగ్‌లనూ ఒకే దూరం, 2 సెంటీమీటర్లు, బోర్డు తోక (వెనక కొన) వైపు జరపండి. బోర్డు ముక్కు (ముందు కొన) మంచులో మునగకుండా తేలుతుంది. ఒక్కదాన్నే జరిపితే వెడల్పు మారిపోతుంది.

కోణాలు డిస్క్ అంచున గీతలుగా ఉంటాయి. ఎక్కువ డిస్కుల్లో గీతకు గీతకు 3 డిగ్రీలు. + అంటే వేళ్లు బోర్డు ముక్కు వైపు, − అంటే తోక వైపు తిరిగినట్టు. ఇంకా నేర్చుకుంటున్నవారికి ముందు కాలు +15, వెనక కాలు −6 లేదా −9 చాలా మందికి కుదురుతుంది. రెండు వైపులకూ జారడం ఇష్టమైతే +15, −15. మోకాలి లోపలి వైపు నొప్పెడితే కోణాల మధ్య తేడా మీ నడకకు పొసగడం లేదని అనుమానించాలి. బొంత మీద రెండు సార్లు గెంతి దిగి, పాదాలు సహజంగా ఏ వైపు తిరిగాయో చూస్తే ఒక అంచనా వస్తుంది. ఒకేసారి 3 డిగ్రీలకు మించి మార్చకండి, ఏ మార్పు ఏం చేసిందో తెలియకుండా పోతుంది.

మధ్యకు తేవడానికి బూటు పెట్టి, మడమను హీల్ కప్‌లో పూర్తిగా తోసి, స్ట్రాపులు బిగించండి. బోర్డు అంచుకు మూలమట్టం నిలబెట్టి వేళ్ల వైపు బూటు ఎంత బయటికి వచ్చిందో, మడమ వైపు ఎంత వచ్చిందో కొలవండి. రెండూ సమానంగా, ఒక్కో వైపు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉంటే బాగుంది. తేడా ఉంటే డిస్క్ పొడవు గాడులు వేళ్ల నుంచి మడమ వైపుకు ఉండేలా తిప్పి జరపండి. కొన్ని బైండింగ్‌ల్లో హీల్ కప్‌నే ముందుకు, వెనక్కు జరిపే బోల్టులుంటాయి. రెండు వైపులా 2.5 సెంటీమీటర్లు దాటితే మధ్యకు తెచ్చినా లాభం లేదు. ఆ బోర్డు మీ బూటుకు సన్నది. మలుపులో బూటు మంచును గీరి అంచు లేచిపోతుంది.

ఈ పని తప్పకుండా మీ బూటుతోనే చేయండి. ఇంట్లో చెప్పులతోనో, బాట బూట్లతోనో కొలిస్తే ఒక్క అంకె కూడా నిజం కాదు.

హైబ్యాక్

కోణం పెట్టాక హైబ్యాక్ బోర్డు అంచుకు అడ్డంగా తిరిగిపోయి ఉంటుంది. కీలు దగ్గరి రెండు బోల్టులు వదులు చేసి, దాన్ని మడమ అంచుకు సమాంతరంగా తిప్పి బిగించండి. మడమ మీద వాలినప్పుడు బలం నేరుగా అంచుకు పోవాలి, లేకపోతే పిక్క ఒక పక్క నొక్కుకుంటుంది. ముందుకు వాలే సర్దుబాటు మీటను మొదట సున్నా దగ్గరే ఉంచండి. వాలు పెరిగే కొద్దీ మడమ అంచు త్వరగా కొరుకుతుంది, తొడలు త్వరగా అలసిపోతాయి. రెండు హైబ్యాక్‌లకూ ఒకే గీత పెట్టండి.

స్ట్రాపులు

యాంకిల్ స్ట్రాపు మెత్త నడిమి భాగం బూటు ముందు వంపు మీద సరిగ్గా మధ్యలో పడాలి. పక్కకు పోతే రాచెట్ ఎదురు వైపు బోల్టును ఒక రంధ్రం జరిపి పొడవు మార్చండి. గట్టిగా బిగించినప్పుడు లాడర్ సగం కంటే ఎక్కువ రాచెట్‌లో దూరి ఉండాలి. కేవలం మూడు, నాలుగు పళ్ల మీద ఆగిందంటే స్ట్రాపు పొట్టిగా ఉంది. ఎదురు కొన బోల్టు దాకా వచ్చి ఇంకా వదులుగా ఉంటే పొడుగుగా ఉంది.

టో స్ట్రాపు ఇప్పటి బైండింగ్‌లలో బూటు ముక్కు మీద టోపీలా కూర్చునేలా చేస్తారు. అది వేళ్ల పైకి కాకుండా ముక్కును వెనక్కి, హీల్ కప్ వైపు లాగాలి. పైకి జారిపోతుంటే దాని పొడవు ఎక్కువ. వేళ్ల కింద ముందుకు సాగే పలక ఉంటే దాన్ని బూటు అడుగు అంచు దాకా లాగండి, బోర్డు అంచు దాటి మాత్రం రానీయకండి.

రాచెట్‌లు రెండూ కాళ్ల బయటి వైపు ఉండాలి. లోపలి వైపు వచ్చాయంటే ఎడమ, కుడి మారిపోయాయి. లాడర్లు మారిస్తే జతగా మార్చండి. యాంకిల్‌ది, టోది వేర్వేరు పొడవులు, ఒకదానికొకటి పెట్టొద్దు.

స్ట్రాపులు లేకుండా బూటు అడుగు కొక్కేలతో పట్టుకునే స్టెప్-ఇన్ రకాలకు బూటు అడుగు కొక్కేల స్క్రూలు, వాటి చుట్టూ ఇరుక్కున్న మట్టి చూడండి. కొక్కెం కదిలితే ఆ బూటు వేసుకోవద్దు.

బొంత మీద పరీక్ష, తర్వాత ప్రయాణం

బొంత మీద బోర్డు పెట్టి, సాయంగా ఒకరిని పక్కన నిలబెట్టుకుని, రెండు కాళ్లూ బిగించండి. మడమ మీద వాలండి, వేళ్ల మీద వాలండి, కాళ్లను పక్కలకు తోయండి. మడమ హీల్ కప్‌లోంచి లేవకూడదు. కిర్రుమనే శబ్దం వస్తే డిస్క్ కింద ఇసుకో, వదులైన బోల్టో ఉంది. పది నిమిషాలు అలాగే నిలబడి ఉండండి. కాలు తిమ్మిరెక్కితే స్ట్రాపు ఎక్కడ నొక్కుతోందో అప్పుడే తెలుస్తుంది. ఇదయ్యాక స్క్రూలన్నీ మళ్లీ చూసి, ప్రతి స్క్రూ తల మీదా డిస్క్ మీదా కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయండి. స్క్రూ తిరిగిందా లేదా అని కొండ మీద ఒక్క చూపులో తెలుస్తుంది.

సంచిలో వేసుకోవాల్సినవి: నాలుగు డిస్క్ స్క్రూలు, ఒక యాంకిల్ లాడర్, ఒక టో లాడర్, ఒక రాచెట్, స్ట్రాపు బోల్టులు రెండు జతలు, మూడో నంబర్ స్క్రూడ్రైవర్, కొద్దిగా టెఫ్లాన్ టేపు, గట్టి ప్లాస్టిక్ జిప్ టైలు. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు స్క్రూడ్రైవర్ చెక్-ఇన్ సామానులోనే ఉండాలి, చేతి సంచిలో ఉంటే తీసేసుకుంటారు. బోర్డు సంచిని బయలుదేరే ముందు ఇంట్లోనే తూకం వేసుకోండి.

గుల్మార్గ్ చేరాక బోర్డును వేడి గదిలో కాక, చల్లని చోట ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే స్క్రూలు చూడండి. ఇంట్లో 30 డిగ్రీల దగ్గర బిగించారు, అక్కడ మైనస్ పదో, ఇంకా తక్కువో ఉంటుంది. చలికి ప్లాస్టిక్ డిస్క్ ఉక్కు స్క్రూ కంటే ఎక్కువగా ముడుచుకుంటుంది, స్క్రూ తల కింద బిగుతు తగ్గుతుంది. మొదటి రోజు రెండుసార్లు కిందికి దిగాక ఆగి మళ్లీ బిగించండి, ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఒకసారి. చలిలో లాడర్ గట్టిపడి పెళుసవుతుంది కనుక రాచెట్‌ను ఒక్కసారిగా లాగకుండా రెండు మూడు టిక్కులుగా బిగించండి. బిగించే ముందు బేస్‌ప్లేట్ మీది మంచును చేత్తో తుడవండి.

కొండ మధ్యలో టో స్ట్రాపు పోతే నెమ్మదిగా, పక్కలకు జారుతూ కిందికి దిగి రావచ్చు. యాంకిల్ స్ట్రాపు పోతే దిగొద్దు. సంచిలోని లాడర్ అక్కడే మార్చండి, అది కుదరకపోతే బోర్డు చేతిలో పట్టుకుని గండోలా దగ్గరికి నడవండి.